రాసినవాళ్ళకు ఏం తిరిగొచ్చింది: ఒక ఏరియా ఆస్పత్రిలో ఏబీడీఎం అమలు

ఈ కేసు ఆంధ్రప్రదేశ్‌లోని ఒక 100 పడకల ఏరియా ఆస్పత్రిది. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, మేమంతా ఏబీడీఎం అని పిలుచుకునేది, మా దగ్గర ఎలా మొదలైంది, ఎక్కడ ఆగిపోయింది, మళ్ళీ ఎలా కదిలింది అన్నది రాస్తున్నాను. రోగి ఒప్పుకుంటే ఒక ఆస్పత్రిలోని అతని రికార్డును ఇంకో ఆస్పత్రి కంప్యూటర్లో చూడగలిగే ఏర్పాటు ఇది. నేను అక్కడ మెడికల్ ఆఫీసర్‌గా ఓపీ చూస్తూనే ఏబీడీఎం నోడల్ బాధ్యత కూడా చూశాను. ఆస్పత్రి పేరు, దాని సొంత అంకెలు ఇవ్వడం లేదు. అవి ప్రభుత్వ రికార్డులు, బయటపెట్టే అధికారం నాకు లేదు. ఏది ముందు చేశాం, ఏది ఆపేశాం, ఎందుకు అన్నది మాత్రం వివరంగా చెబుతాను. జిల్లాల్లో ఇదే పనిలో ఉన్న డాక్టర్లకు, ప్రోగ్రామ్ ఆఫీసర్లకు, డేటా ఎంట్రీ ఆపరేటర్లకు పనికొచ్చేది అదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇలాంటి వ్యవస్థ నిలబడాలంటే అందులో వివరాలు ఎక్కించే మనిషికి ఆ పని వల్ల ఏదో ఒకటి తిరిగి రావాలి. ఆ రోజే రావాలి, లేదా ఆ వారంలో. మా దగ్గర కుదిరినవాటిని, కుదరనివాటిని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా అక్కడే ఉంది. నెట్ స్పీడు, కంప్యూటర్లు, ట్రైనింగ్ అన్నీ అవసరమే. అవన్నీ ఉన్నా ఎక్కించేవాళ్ళకు ఏమీ దక్కని చోట పని మూడో వారానికే చల్లబడింది.

ఇంతకుముందు ఏం జరిగింది

తెలుగు జిల్లాల్లో ఆరోగ్య వివరాలు కంప్యూటర్‌కు ఎక్కించడం ఏబీడీఎంతో మొదలవలేదు. ఓస్లో యూనివర్సిటీ, దక్షిణాఫ్రికా బృందాలు కలిసి తయారుచేసిన డీహెచ్‌ఐఎస్ (జిల్లా ఆరోగ్య సమాచార వ్యవస్థ) సాఫ్ట్‌వేర్ మన దేశంలో మొదట అడుగుపెట్టింది కుప్పం ప్రాంతంలోని పీహెచ్‌సీల్లో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో), 2000 తర్వాతి తొలి ఏళ్ళలో. దాని తర్వాతి రూపమైన డీహెచ్‌ఐఎస్2ను ఇప్పుడు ఆఫ్రికా, ఆసియాల్లో చాలా దేశాలు జాతీయ వ్యవస్థగా వాడుతున్నాయి. కెన్యా 2011లో దేశమంతటా పెట్టుకుంది. కుప్పంలో ఆ ప్రయోగం నడిచిన కాలంలోనే రాష్ట్ర ప్రభుత్వం కుటుంబాల వివరాలతో తన సొంత వ్యవస్థ ఇంకొకటి నడిపింది. ఊళ్ళు తిరిగే ఆరోగ్య కార్యకర్త, అంటే ఒకే ఏఎన్‌ఎం దగ్గరికి రెండు వ్యవస్థలు వెళ్ళి ఒకే వివరాలు అడగడం మన దగ్గర అప్పుడే మొదలైంది.

ఆ తర్వాత 2008లో కేంద్రం హెచ్‌ఎంఐఎస్ పోర్టల్ తెచ్చింది. ప్రతి నెలా ఎన్ని కాన్పులు, ఎన్ని టీకాలు అని మొత్తాలు పైకి పంపాలి. 2009 చివర్లో తల్లీబిడ్డలను పేరుపేరునా నమోదు చేసే ఎంసీటీఎస్, దాని తర్వాత ఆర్‌సీహెచ్ పోర్టల్, 2016లో ఏఎన్‌ఎంల ట్యాబుల్లోకి అన్‌మోల్ యాప్ వచ్చాయి. అన్‌మోల్ ముందుగా వచ్చిన రాష్ట్రం మనదే. టీబీకి నిక్షయ్, అంటువ్యాధులకు ఐహెచ్‌ఐపీ, బీపీ షుగర్లకు ఎన్‌సీడీ యాప్, టీకాలకు యూవిన్, దూరవైద్యానికి ఈ-సంజీవని. ఒక్కొక్కటీ అవసరం కోసమే వచ్చింది, అందులో సందేహం లేదు. కానీ ఇవన్నీ కలిసి చివరికి చేరేది ఒక్క ఏఎన్‌ఎం చేతికే. ఆవిడ పొద్దున టీకాలు వేసి, మధ్యాహ్నం ఇళ్ళు తిరిగి, రాత్రి ఇంటి దగ్గర కూర్చుని ఎంట్రీలు చేస్తుంది.

ఈ వరసలో ఒక్కదాని అనుభవం మాత్రం వేరు. అది ఆరోగ్యశ్రీ. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైనప్పటి నుంచే అనుమతి, చికిత్స వివరాలు, డిశ్చార్జ్, క్లెయిం అన్నీ ఆన్‌లైన్‌లోనే నడిచాయి. ఆపరేషన్ ఫోటోల దగ్గర్నుంచి డిశ్చార్జ్ సమ్మరీ దాకా ఎక్కించడానికి ఏ ఆస్పత్రీ గొణగలేదు. ఎక్కించకపోతే డబ్బు రాదు. అప్పటికి నెట్ ఇంతకంటే అధ్వానం, కంప్యూటర్ తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. అయినా నడిచింది. మా స్టాఫ్‌కు కంప్యూటర్ రాదు కాబట్టి ఏబీడీఎం కుదరదు అని మీటింగుల్లో ఎవరైనా అన్నప్పుడు నేను ఆరోగ్యశ్రీనే గుర్తు చేసేవాణ్ణి. అదే స్టాఫ్, అదే కరెంటు, అవే కంప్యూటర్లు.

నంబరు ఉంది, రికార్డు లేదు

ఏబీడీఎం గురించి రెండు ముక్కల్లో చెప్పాలి. 2020 ఆగస్టు 15న ప్రకటించారు. ముందు ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో నడిపి, 2021 సెప్టెంబర్ 27న దేశమంతటికీ విస్తరించారు. 2022 ఫిబ్రవరిలో కేంద్ర క్యాబినెట్ ఐదేళ్ళకు రూ.1,600 కోట్లు కేటాయించింది. ప్రతి మనిషికీ ఆభా అనే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు, ప్రతి ఆస్పత్రికీ ఒక ఐడీ, ప్రతి డాక్టరుకూ ఒక ఐడీ ఉంటాయి. రికార్డులన్నీ ఢిల్లీలో ఒక చోట పోగుపడవు. ఏ ఆస్పత్రి రికార్డు ఆ ఆస్పత్రి దగ్గరే ఉంటుంది, ఆభా నంబరుకు లింకు మాత్రం పడుతుంది. ఇంకో ఆస్పత్రి చూడాలంటే రోగి తన ఫోన్‌లో ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలులో ఏ తేదీల రికార్డులు, ఏ రకం, ఎన్నాళ్ళ వరకు అన్నది కూడా ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో దీనికి మూడు మెట్లు. ఎం1 అంటే ఆభా తయారుచేయడం, సరిచూడడం. ఎం2 అంటే మన రికార్డును ఆ నంబరుకు లింకు చేయడం. ఎం3 అంటే వేరేచోటి రికార్డును రోగి అనుమతితో మనం తెరిచి చూడడం. 2025 నాటికి దేశంలో ఆభా నంబర్లు 70 కోట్లు దాటాయి. అది ఎం1 లెక్క. రోగికి మేలు జరిగేది ఎం3లో, డాక్టరు పాత రికార్డు తెరిచిన ఆ నిమిషంలో.

మా ఆస్పత్రి కూడా మొదట ఎం1 దగ్గరే చాలాకాలం గడిపింది. పైనుంచి అడిగే అంకె అదొక్కటే కాబట్టి ఓపీ కౌంటర్లో అందరికీ ఆభా తీయడం మొదలైంది. అక్కడ ఎదురైన ఇబ్బందులు కొంచెం వివరంగా రాస్తాను. ఇవి పెద్ద ప్రెజెంటేషన్లలో కనబడవు.

ఓటీపీ ఆధార్‌తో కలిపిన ఫోన్‌కు వస్తుంది. మోకాళ్ళ నొప్పులతో వచ్చిన పెద్దావిడ ఆధార్‌కు కలిపిన ఫోన్ హైదరాబాద్‌లో పనిచేసే కొడుకు దగ్గరుంటుంది. ఆయన డ్యూటీలో ఉండి ఫోన్ ఎత్తడు. వేలిముద్ర పెట్టమంటే కూలిపని చేసిన చేతుల మీద గీతలు అరిగిపోయి యంత్రం ఒప్పుకోదు. ఈలోగా వెనక క్యూ పెరుగుతుంది. తొమ్మిదింటికి ఓపీ మొదలైతే పన్నెండు దాటాక డాక్టర్లు రౌండ్లకు వెళ్ళాలి, కౌంటర్లో పోయే ప్రతి నిమిషం ఆ మూడు గంటల్లోంచే పోతుంది.

ఇంకో చిత్రం ఏమిటంటే చాలామందికి అప్పటికే నంబరు ఉంది, ఉన్నట్టు వాళ్ళకే తెలియదు. కోవిడ్ టీకా కోసం కోవిన్‌లో ఆధార్ ఇచ్చినప్పుడు చాలామందికి హెల్త్ ఐడీ (ఆభాకు అప్పటి పేరు) తయారైపోయింది. తర్వాత ఇంటింటి సర్వేల్లో ఏఎన్‌ఎంలు, ఆశాలు కొందరికి తీశారు. కాబట్టి కౌంటర్లో కొత్తది తీయడం కన్నా పాతది వెతికిపెట్టడమే పెద్ద పని అయింది. పేర్లతో ఇంకో తంటా. ఆస్పత్రి రికార్డులో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో చివర. వెంకటేశ్వరరావు అన్న పేరుకు ఇంగ్లిష్‌లో ఎన్ని స్పెల్లింగులు ఉన్నాయో ఆపరేటర్లకే తెలుసు. పుట్టినతేదీ తెలియని పెద్దవాళ్ళలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 ఉంటుంది. ఇంట్లో నలుగురికీ ఒకే ఫోన్ నంబరు. పేరు, తేదీ, ఫోన్ మూడూ కలిస్తే ఒకే మనిషి అనుకునే సాఫ్ట్‌వేర్‌కు మన ఊళ్ళలో తప్పులు రాక మానవు.

అప్పుడు తీసుకున్న మొదటి నిర్ణయం, కౌంటర్లో కొత్త ఆభా తీయడం ఆపేయడం. దానికి హాల్లో వేరే టేబుల్ వేశాం. చీటీ తీసుకుని డాక్టరు పిలుపు కోసం కూర్చున్న సమయంలో ఆ టేబుల్ దగ్గరికి రమ్మన్నాం. ఆభా లేకపోయినా ఓపీ చీటీ, వైద్యం రెండూ అందుతాయని తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాం. 2020 డిసెంబర్‌లో వచ్చిన హెల్త్ డేటా మేనేజ్‌మెంట్ పాలసీ ప్రకారం ఆభా స్వచ్ఛందమే, ఆ బోర్డు దాన్నే చెబుతుంది. బోర్డు పెడితే అంకె పడిపోతుందని కొందరు టెన్షన్ పడ్డారు. పడలేదు. క్యూలో నిలబెట్టి అడిగినప్పుడు ఆధార్ ఎందుకని ప్రశ్నించినవాళ్ళే, కూర్చున్నచోట నిదానంగా వివరిస్తే ఇచ్చారు.

స్కాన్ అండ్ షేర్ వచ్చాక కౌంటర్ కొంత తేలికపడింది. దీన్ని 2022 అక్టోబర్‌లో ఢిల్లీ లేడీ హార్డింజ్ మెడికల్ కాలేజీలో మొదలుపెట్టారు. గోడ మీది క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే పేరు, వయసు, ఊరు కౌంటర్‌కు చేరతాయి, టోకెన్ వస్తుంది. ఆపరేటర్ టైప్ చేయాల్సింది తగ్గింది, స్పెల్లింగు తప్పులు తగ్గాయి. స్మార్ట్‌ఫోన్ ఉన్న కుర్రాళ్ళకు ఇది బాగా నచ్చింది. మా ఓపీలో ఎక్కువమంది వాళ్ళు కారు, అది వేరే సంగతి. అయినా ఫోన్ ఉన్నవాళ్ళు ఆ దారిన పోతే లేనివాళ్ళ వరస చిన్నదవుతుంది, అదే లాభం. ఆపరేటర్లు దీన్ని ఎవరూ చెప్పకుండానే ప్రోత్సహించారు. వాళ్ళ చేతిపని తగ్గింది మరి.

ల్యాబ్ నుంచి మొదలుపెట్టాం

ఎం2కి వచ్చేసరికి ఎక్కడ మొదలుపెట్టాలన్నది ప్రశ్న. పైనుంచి వచ్చిన ప్లాన్‌లో డాక్టరు గది ముందుంది. ప్రతి ఓపీ ప్రిస్క్రిప్షన్ టైప్ చేయాలి. మేము వరస తిరగేశాం. టైపింగ్ అప్పటికే జరుగుతున్న చోట్ల మొదలుపెట్టి, లేని చోటుకు చివర రావాలని సూపరింటెండెంట్ గారిని ఒప్పించాం. అప్పటికే టైప్ అవుతున్నవి రెండు: ల్యాబ్ రిపోర్టు, ఆరోగ్యశ్రీ కేసుల డిశ్చార్జ్ సమ్మరీ.

ల్యాబ్ టెక్నీషియన్ అంత త్వరగా ఒప్పుకోలేదు. ఆయన అన్నమాట ఇది: "సార్, ట్యూబ్ మీద పేరు రాస్తాను, రిజిస్టర్లో రాస్తాను, రిపోర్టు చీటీ మీద రాస్తాను. ఇప్పుడు కంప్యూటర్లో నాలుగోసారి కొట్టమంటున్నారు." ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అందుకే ముందు ఆయన రాత తగ్గించే పని చేశాం. ఆస్పత్రి అభివృద్ధి సొసైటీ నిధులతో బార్‌కోడ్ లేబుల్ ప్రింటర్ కొన్నాం. ఓపీ చీటీ దగ్గరే లేబుల్ వస్తుంది, ట్యూబ్‌కు అంటిస్తారు, ల్యాబ్‌లో స్కాన్ చేస్తే పేరు దానంతటదే తెర మీదికి వస్తుంది. రక్తకణాల యంత్రం, బయోకెమిస్ట్రీ యంత్రం కంప్యూటర్‌కు కలిపాక అంకెలు కూడా వాటంతటవే చేరాయి. ఈ కలిపే పనికి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సంస్థ చాలా ఆలస్యం చేసింది. యంత్రాల కంపెనీ ఇంజనీర్, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ కాలం గడిపారు. ఇద్దరినీ ఒకే రోజు ల్యాబ్‌లో కూర్చోబెట్టాక గానీ తేలలేదు. కొనుగోలు ఆర్డర్ రాసేటప్పుడే యంత్రం నుంచి అంకెలు బయటికి పంపే బాధ్యత ఎవరిదో రాయించుకోవాలని అందరికీ చెబుతాను.

ఆ తర్వాత టెక్నీషియన్‌కు ఆభా లింకు గురించి ఎవరూ పాఠం చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆయన రాత తగ్గింది, ట్యూబులు తారుమారవుతాయన్న భయం తగ్గింది, సాయంత్రం రిపోర్టుల కోసం కిటికీ దగ్గర గుంపు తగ్గింది. లింకు వెనకాల దానంతటదే పడుతోంది.

రెండు రిజిస్టర్ల సంగతి

నేను చూసినంతలో ఎక్కువ ఆస్పత్రుల్లో పని ఆగేది ఇక్కడే. కంప్యూటర్ వస్తుంది, రిజిస్టర్ పోదు. పోకపోవడానికి కారణం మొండితనం కాదు, ఆడిట్ భయం. రేపు ఆడిట్ వాళ్ళు వచ్చి ల్యాబ్ రిజిస్టర్ చూపించమంటే కంప్యూటర్ చూపిస్తే ఒప్పుకుంటారా అన్న ప్రశ్నకు ఎవరూ రాతపూర్వకంగా జవాబివ్వరు. నోటిమాటగా "ఇక రాయక్కర్లేదు" అన్న పెద్దలు బదిలీ అయిపోతారు, కింద ఉద్యోగి సంజాయిషీ ఇచ్చుకోవాలి. అందుకని ఆయన రెండూ రాస్తాడు. రెండూ రాయాల్సి వచ్చినప్పుడు ఏది ముందు వదిలేస్తాడో తెలిసిందే.

మేము పట్టుబట్టి సాధించింది ఒకే ఒక్క కాగితం, సూపరింటెండెంట్ సంతకంతో లిఖిత ఉత్తర్వు. ల్యాబ్‌లో చేతిరాత రిజిస్టర్ ఫలానా తేదీ నుంచి ఆపాలి. కంప్యూటర్ నుంచి రోజువారీ జాబితా ప్రింట్ తీయాలి. నెలాఖరున బైండ్ చేసి, పేజీ నంబర్లు వేసి, టెక్నీషియన్, డ్యూటీ మెడికల్ ఆఫీసర్ సంతకాలు పెట్టాలి. ఆడిట్‌కు కావలసిన పుస్తకం ఉంది, ఎవరూ దాన్ని చేత్తో రాయలేదు. ఫార్మసీలో కూడా ఇదే చేశాం. అక్కడ మందుల నిల్వ ఎలాగూ ఈ-ఔషధి అనే ప్రభుత్వ సాఫ్ట్‌వేర్లో ఉంటుంది కాబట్టి తేలికగా ఒప్పుకున్నారు. మెడికో లీగల్ కేసుల రిజిస్టర్ మాత్రం ముట్టుకోలేదు. అది కోర్టుకు వెళ్ళే పత్రం, చేతిరాతే ఉండనిచ్చాం.

సాఫ్ట్‌వేర్ ఎంపిక, సర్వర్లు, ట్రైనింగుల కన్నా ఈ ఒక్క ఉత్తర్వుకే ఎక్కువ ఫలితం వచ్చిందని నా నమ్మకం. ఖర్చు ఏమీ లేదు. ఒక అధికారి బాధ్యత తన మీద వేసుకోవాలి, అంతే.

పురుటికి వచ్చిన అమ్మాయి

ఎం3 విలువ మా స్టాఫ్‌కు అర్థమైంది గర్భిణుల దగ్గర. తొలిచూలు కాన్పుకు అమ్మాయి పుట్టింటికి రావడం మన ఆచారం. ఏడో నెల దాకా పరీక్షలన్నీ అత్తవారి ఊళ్ళో, అక్కడి ఏఎన్‌ఎం, అక్కడి పీహెచ్‌సీ చూస్తారు. తర్వాత శ్రీమంతం చేసుకుని ఇంకో జిల్లాకో, ఒక్కోసారి ఇంకో రాష్ట్రానికో వచ్చేస్తుంది. తల్లీబిడ్డల కార్డు వెంట తెచ్చుకుంటే సరే. మర్చిపోతే నొప్పులతో వచ్చిన అమ్మాయి గురించి లేబర్ రూమ్ నర్సుకు ఏమీ తెలియదు.

బ్లడ్ గ్రూపు ఎలాగూ మళ్ళీ చూస్తాం. హిమోగ్లోబిన్ అప్పటికప్పుడు తెలుస్తుంది. కానీ ఈ బీపీ ఇవాళే పెరిగిందా, నెల రోజులుగా మెల్లగా పెరుగుతూ వస్తోందా అన్నది మా ల్యాబ్‌లో ఏ టెస్టూ చెప్పలేదు. నెగటివ్ గ్రూపు అమ్మాయికి బిడ్డ రక్తంతో పేచీ రాకుండా ఏడో నెలలో ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ వేశారో లేదో కూడా అంతే. ఐరన్ ఇంజెక్షన్లు ఎన్ని పడ్డాయి, స్కానింగులో మాయ కిందికి ఉందని ఎవరైనా రాశారా, ఇవన్నీ పాత రికార్డులోనే ఉంటాయి. గడిచిపోయిన నెలలను మళ్ళీ పరీక్షించలేం. హైరిస్క్ గర్భిణిని ముందే గుర్తించి పైఆస్పత్రికి పంపడమా, ఇక్కడే ఉంచుకోవడమా అన్న నిర్ణయం వాటి మీదే ఆధారపడి ఉంటుంది.

సిద్ధాంతంగా ఏబీడీఎం సరిగ్గా దీనికే పుట్టింది. ఆచరణలో చిక్కు అనుమతి దగ్గర వచ్చింది. మేము అడిగితే రిక్వెస్ట్ అమ్మాయి ఆభా యాప్‌కు వెళుతుంది, ఆమె ఒప్పుకోవాలి. నొప్పులు పడుతున్న అమ్మాయి ఫోన్ తల్లి సంచిలోనో భర్త జేబులోనో ఉంటుంది. పిన్ ఎవరికీ గుర్తుండదు. ఆ సమయంలో అనుమతి అడగడం మర్యాద కూడా కాదు.

ఆ పనిని లేబర్ రూమ్ నుంచి తీసేసి ముందుకు జరిపాం. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు ఉంటాయి. పుట్టింటికి వచ్చినవాళ్ళు చాలామంది మొదట కనబడేది ఆ రోజే. ఆ రోజు ఒక స్టాఫ్ నర్సును ఇదే పనికి పెట్టాం. "అమ్మా, మీ అత్తగారి ఊళ్ళో చేయించుకున్న పరీక్షలు ఇక్కడ డాక్టర్ గారు చూడొచ్చా? కాన్పు అయ్యేదాకానే చూస్తారు. వద్దంటే ఎప్పుడైనా ఆపేయొచ్చు." ఒప్పుకుంటే గడువు కాన్పు తేదీ దాటి కొన్ని వారాల వరకు పెట్టేవాళ్ళం. అత్తవారి ఊరి పీహెచ్‌సీ ఎం2 చేసి ఉంటే రికార్డు అక్కడే తెరుచుకుంటుంది. చేయకపోతే ఆమె చేతిలోని కార్డు పేజీలు స్కాన్ చేసి మా రికార్డుకే జతచేస్తాం, అప్పుడు రాత్రి డ్యూటీ డాక్టరు కనీసం అది చూడగలుగుతారు.

లేబర్ రూమ్ నర్సులు మొదట దీన్ని ఇంకో రిపోర్టు పనిగా చూశారు. తెర మీద పాత బీపీలు వరసగా కనిపించి, వాటిని చూసి అమ్మాయిని పగలే పైఆస్పత్రికి పంపగలిగిన సందర్భాలు వచ్చాక వాళ్ళే 9వ తేదీ నర్సును అడగడం మొదలుపెట్టారు, ఫలానా అమ్మాయి అనుమతి తీసుకున్నారా అని. రాత్రి అంబులెన్స్‌లో హడావిడిగా పంపడం ఎంత ప్రమాదమో వాళ్ళకు తెలుసు. నా దృష్టిలో ఈ కేసు మొత్తంలో ముఖ్యమైన మార్పు ఇదే.

డాక్టరు గది

చివరగా డాక్టర్ల దగ్గరికి వచ్చాం. ఓపీలో ఒక్కో డాక్టరు ముందు పెద్ద వరస ఉంటుంది, మనిషికి దక్కేది కొద్ది నిమిషాలు. ఆ నిమిషాల్లో టైపింగ్ కూడా చేయమంటే రోగి ముఖం చూడడం మానేయాలి. ఇది నేను అంగీకరించలేదు, ఇప్పటికీ అంగీకరించను. అందుకే ప్రిస్క్రిప్షన్ చేత్తోనే రాసి, ఫార్మసీ దగ్గర ఆపరేటర్ స్కాన్ చేసి జతచేసే పద్ధతి పెట్టాం. స్కాన్ చేసిన బొమ్మలోంచి లెక్కలు తీయలేం, పరిశోధనకు పనికిరాదు. రేపు ఈ మనిషిని చూసే ఇంకో డాక్టరుకు మాత్రం బాగానే పనికొస్తుంది. బీపీ, షుగర్ రోగుల విషయంలో మాత్రం టైప్ చేసే టెంప్లేట్ వాడాం. నెలనెలా వచ్చేవాళ్ళు, మందులు ఎక్కువగా మారవు, పాత ప్రిస్క్రిప్షన్ ఒక్క నొక్కుతో మళ్ళీ వస్తుంది. మా ఫిజీషియన్ దాన్ని ఇష్టపడి వాడారు. రోగి ప్లాస్టిక్ కవర్లోంచి చీటీలన్నీ బల్ల మీద పోసి, తెల్ల మాత్ర, చిన్న మాత్ర అని చెప్పాల్సిన పని తప్పింది.

ఎక్కించకూడనివి

అన్నీ లింకు చేయాలన్న ఒత్తిడి ఉన్నప్పుడు ఏవి చేయకూడదో రాసిపెట్టుకోవడం ఇంకా అవసరం. హెచ్‌ఐవీ పరీక్షలు, మానసిక వైద్యం, గర్భస్రావం, లైంగిక దాడి కేసులు మేము లింకు చేయలేదు. హెచ్‌ఐవీ వివరాల గోప్యతకు 2017 నాటి చట్టం ఉంది, మానసిక ఆరోగ్య చట్టమూ ఆ ఏడాదిదే, గర్భస్రావ చట్టంలోనూ గోప్యత నిబంధన ఉంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. చట్టాలు పక్కన పెట్టి చూసినా, ఇంట్లో నలుగురికీ ఒకే ఫోన్ ఉన్నచోట భార్య రికార్డు తాలూకు మెసేజ్‌ను భర్తో అత్తగారో చదువుతారు. రోగి ఒప్పుకుందని కాగితం మీద ఉన్నా ఆ ఇంట్లో ఆమెకు జరగబోయేదానికి ఆ కాగితం అడ్డుపడదు. ఈ విషయంలో మేము ఏ టార్గెట్టుకూ లొంగలేదు. కొత్తగా మొదలుపెట్టే ఆస్పత్రులు ఈ జాబితాను మొదటి రోజే గోడకు అంటించుకోవాలి.

పాస్‌వర్డులు పంచుకోవడం ఇంకో జబ్బు. డాక్టరు లాగిన్‌తో ఆపరేటర్ పనిచేయడం, ఆ పాస్‌వర్డ్ కీబోర్డు కింద కాగితం మీద ఉండడం ఎన్నోచోట్ల చూశాను. తిడితే పోలేదు. ఆపరేటర్‌కు కావలసిన పనులు ఆపరేటర్ లాగిన్‌లోనే వచ్చేలా సాఫ్ట్‌వేర్లో మార్పించాకే తగ్గింది.

సర్వర్ ఆగినప్పుడు

2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి, దేశంలో పెద్ద ఆస్పత్రే రోజుల తరబడి కాగితం మీద నడవాల్సి వచ్చింది. మా స్థాయిలో అంత పెద్ద దాడులు అక్కర్లేదు, ఫైబర్ వైరు తెగితే చాలు. అందుకని ముద్రించిన ఓపీ చీటీలు, ల్యాబ్ చీటీలు ఒక బీరువాలో ఎప్పుడూ ఉంచాం. నెట్ పోయిన పది నిమిషాలకు ఎవరి ఆజ్ఞ కోసం ఎదురుచూడకుండా కౌంటర్ వాటికి మారిపోవచ్చని ముందే చెప్పాం. నెట్ వచ్చాక ల్యాబ్, డిశ్చార్జ్ మాత్రమే వెనక్కి ఎక్కించేవాళ్ళం, ఓపీ చీటీలు వదిలేసేవాళ్ళం. ఇది సరైన పద్ధతేనా అని అడిగితే, అన్నీ వెనక్కి ఎక్కించమంటే ఆపరేటర్ రాత్రి కూర్చోవాలి, అలసటలో ఒకరి రికార్డు ఇంకొకరికి పడుతుంది. తప్పు రికార్డు కన్నా లేని రికార్డు నయం.

ఇంకా కుదరనివి

ఏరియా ఆస్పత్రి సెకండరీ హెల్త్ డైరెక్టరేట్ (ఇదివరకటి వైద్య విధాన పరిషత్) కింద, పీహెచ్‌సీ జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) కింద, టీచింగ్ ఆస్పత్రి వైద్య విద్య డైరెక్టరేట్ కింద ఉన్న ఏర్పాటులో ఒకరి రికార్డు నాణ్యతకు ఇంకొకరు జవాబుదారీ కాదు. పీహెచ్‌సీ సరిగ్గా ఎక్కిస్తే లాభం మాకు, మేము సరిగ్గా ఎక్కిస్తే లాభం టీచింగ్ ఆస్పత్రికి. ఎక్కించేవాళ్ళకు తిరిగి రావాలని నేను మొదట చెప్పిన సూత్రం ఇక్కడ దెబ్బతింటుంది. దీనికి మేము చేయగలిగింది చిన్నదే. కాన్పు అయిన అమ్మాయి డిశ్చార్జ్ సమ్మరీ లింకు చేయడంతో ఆగకుండా, ఏ ఏఎన్‌ఎం ఆమెను మొదట నమోదు చేసిందో ఆమెకు కాన్పు జరిగిన తేదీ, బిడ్డ బరువు, తర్వాత చూడాల్సిన విషయాలు అదే రోజు తెలిసేలా ఫోన్ చేయించాం. ఏఎన్‌ఎం తన రికార్డు మూసుకోవడానికి ఆ వివరాల కోసం ఇదివరకు వారాల తరబడి ఆరా తీసేది. ఆ ఫోన్‌కాల్ సాఫ్ట్‌వేర్లో ఒక బటన్ అయితే బాగుండునని రాతపూర్వకంగా పంపాం.

ప్రోత్సాహకాల సంగతి కూడా చెప్పాలి. 2023 జనవరిలో మొదలైన డిజిటల్ హెల్త్ ఇన్సెంటివ్ స్కీమ్ కింద లింకు చేసిన రికార్డుల లెక్కన ఆస్పత్రులకు, సాఫ్ట్‌వేర్ సంస్థలకు రూ.4 కోట్ల దాకా వచ్చే వీలు పెట్టారు. ప్రైవేటు ఆస్పత్రులను లోపలికి తేవడానికి ఇది మంచి ఎర. కానీ అది రికార్డుల సంఖ్య చూస్తుంది, ఆ రికార్డును తర్వాత ఎవరైనా తెరిచారా లేదా చూడదు. తెరిచి చూసిన రికార్డులను లెక్కపెట్టి నెలనెలా ఆ అంకె జిల్లా సమీక్షలో అడగడం మొదలుపెడితే, ఆస్పత్రులు వాటంతటవే సరైన రికార్డుల వైపు తిరుగుతాయి. మా ఆస్పత్రిలో ఆ లెక్క 9వ తేదీ నర్సు నోట్‌బుక్‌లో ఉంచుతోంది.

పట్టణంలోని నర్సింగ్‌హోమ్‌లు చాలావరకు ఇంకా బయటే ఉన్నాయి. అక్కడ స్కానింగ్ చేయించుకుని మా దగ్గర కాన్పుకు వచ్చేవాళ్ళ రిపోర్టులు కాగితం మీదే వస్తున్నాయి. పుట్టిన బిడ్డకు తల్లి ఆభాతో కలిపి నంబరు ఇచ్చే పని ప్రసవ వార్డులో మొదలైంది. అత్తవారి ఊరికి తిరిగి వెళ్ళాక అక్కడి ఏఎన్‌ఎం ఆ నంబరును టీకాల ఎంట్రీలో వాడుతోందో లేదో తెలుసుకునే దారి ప్రస్తుతానికి ఫోన్ చేసి అడగడమే.